ఎడమచేతిలో రూపాయి: ఒక కాయిన్ మ్యాజిక్ కేస్ స్టడీ

ఈ విద్యార్థి నా దగ్గరికి వచ్చేటప్పటికే బిళ్ళను అరచేతిలో దాచడం నాకంటే శుభ్రంగా చేస్తున్నారు. అయినా రెండో తరగతి, మూడో తరగతి పిల్లలు రోజూ పట్టేస్తున్నారు. ఈ రెండూ ఒకేచోట ఎలా ఉన్నాయో తేలడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. అందులో మొదటి నెలన్నర నేను తప్పు చేతికి వైద్యం చేశాను. ఇరవై ఏళ్ళుగా విజయవాడలో ఈ విద్య నేర్పుతూ కూడా ఆ పొరపాటు చేశాను కాబట్టి, నేర్పేవాళ్ళకీ, ఒంటరిగా అద్దం ముందు సాధన చేసుకునేవాళ్ళకీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఆయన అనుమతి తీసుకున్నాను. ఇక్కడ రావు గారు అందాం. అది ఆయన పేరు కాదు. పేట, కుటుంబం వివరాలు మార్చాను. రహస్యాలు బయటపెట్టడం సబబేనా అని అడిగేవాళ్ళు ఉంటారు. ఇందులో చెప్పే మెళకువలు నూరేళ్ళ కిందటివి, మొదటి నెలలోనే ఏ గురువైనా చెప్పేవి. ఆయన సొంతంగా కట్టుకున్న అంశాలేవీ రాయలేదు.

నేపథ్యం

రావు గారిది గుంటూరులో చిన్న కిరాణా కొట్టు. వయసు నలభై దాటింది. లాక్‌డౌన్‌లో మధ్యాహ్నానికే షట్టరు దించేయాల్సి వచ్చిన రోజుల్లో ఫోన్లో వీడియోలు చూసి మొదలుపెట్టారు. గురువు లేరు. ఇంట్లో ఒక అద్దం, గల్లాపెట్టెలో పది రూపాయల బిళ్ళలు, అంతే. ఆ బిళ్ళల 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే చెప్పినా, మనవైపు చాలామంది చిల్లరగా ఇస్తే తీసుకోరు. అలా ఆయన గల్లాలో పేరుకుపోయాయి. సాధనకి అది మేలే అయింది. పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్ల వెడల్పు, 7.7 గ్రాముల బరువు. ఇప్పుడు చెలామణిలో ఉన్నవాటిలో చేతికి నిండుగా ఆనేవి అదీ, ఇరవై రూపాయల బిళ్ళా. 2019లో వచ్చిన కొత్త రూపాయి 20 మిల్లీమీటర్లు, మూడు గ్రాములు; పెద్దవాళ్ళ అరచేతిలో దాన్ని నిలపడం చాలా కష్టం.

బొటనవేలి కింది కండకీ, చిటికెనవేలి వైపు మెత్తకీ నడుమ బిళ్ళ అంచులు నొక్కిపట్టి, వేళ్ళన్నీ ఖాళీగా వదిలేయడాన్ని క్లాసిక్ పామ్ అంటారు. కొత్తవాళ్ళకి బొటనవేలు కర్రలా పక్కకి పొడుచుకొస్తుంది, వేళ్ళు బిగుసుకుపోతాయి. రావు గారికి ఆ రెండూ లేవు. గుంటూరు నుంచి విజయవాడకి బస్సులో వచ్చేటప్పుడు బిళ్ళను కుడి అరచేతిలో పెట్టుకుని, అదే చేత్తో పైన కడ్డీ పట్టుకుని నిలబడేవారు. కాజ టోల్‌గేటు, మంగళగిరి, వారధి దాటి బస్టాండులో దిగేదాకా అది పడేది కాదు.

వచ్చిన సమస్య

చేసే అంశం చిన్నది. కుడిచేతి వేళ్ళతో బిళ్ళ చూపించి, ఎడమ అరచేతిలో పెట్టినట్టు నటించి, ఎడమ పిడికిలి మూస్తారు. బిళ్ళ కుడి అరచేతిలోనే ఉండిపోతుంది. పిడికిలి మీద ఊది తెరిస్తే ఖాళీ. పెట్టినట్టు నటించే ఆ కదలికని ఫాల్స్ ట్రాన్స్‌ఫర్ అంటాం. కాయిన్ మ్యాజిక్‌లో సగం దాని మీదే నిలబడుతుంది.

సాయంత్రం పెన్సిలుకో బిస్కెట్టు ప్యాకెట్టుకో వచ్చే పిల్లలకి ఆయన ఇది చూపిస్తారు. పిడికిలి తెరవకముందే వాళ్ళు "ఆ చేతిలో లేదు బాబాయ్, ఈ చేతిలో ఉంది" అంటారు. పెద్దవాళ్ళు మాత్రం భలే ఉందంటారు.

మే నెలలో మొదటిసారి వచ్చినప్పుడు ఆయన అడిగింది ఇదీ: "మాస్టారూ, చవితి పందిట్లో పది నిమిషాలు చేస్తానని మా వీధివాళ్ళకి మాటిచ్చాను. పిల్లలంతా ముందు వరసలో కూచుంటారు. నా అరచెయ్యి ఎక్కడ కనబడిపోతోందో చెప్పండి, చాలు."

అరచెయ్యి ఎక్కడో కనబడిపోతోందని ఆయనే తేల్చేసుకుని వచ్చారు. నేనూ మారు మాట్లాడకుండా ఆ మాటే పట్టుకున్నాను. పెద్దవాళ్ళ మెప్పుని పక్కన పెట్టడం మటుకు సరిగ్గానే చేశాను. తెలిసిన కొట్టాయన ముచ్చటపడి ఏదో చూపిస్తుంటే "నాకు తెలిసిపోయింది" అని మొహం మీద అనేవాళ్ళు మనలో తక్కువ. పిల్లలకి ఆ మొహమాటం లేదు. అందుకే మొదటినుంచీ పిల్లల మాటనే కొలతగా పెట్టుకున్నాం.

మొదట చేసినవి, పారనివి

ముందు వేగం పెంచాం. కుడి వేళ్ళు ఎడమ అరచేతిని తాకే క్షణం తగ్గితే, చూసేవాళ్ళకి వెతికే వ్యవధి తగ్గుతుందని నా లెక్క. రెండు వారాలు చేశాక పిల్లలు ఇంకా త్వరగా పట్టేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆలోచిస్తే కారణం తేలికే. మామూలుగా చేసే పనిని హఠాత్తుగా విసురుగా చేస్తే, "ఇక్కడేదో జరిగింది" అని మనమే వేలెత్తి చూపించినట్టు.

తర్వాత బిళ్ళ మార్చాం. ఆయన కుడి ఉంగరపువేలికి రాయి ఉంగరం ఉంది, జాతకరీత్యా పెట్టుకున్నది, తీయరు. బిళ్ళ జారేటప్పుడు దానికి తగిలి సన్నగా టిక్కుమంటోంది. పిల్లలు దాన్ని వింటున్నారేమో అనుకున్నాను. నా దగ్గరున్న ఐదో జార్జి వెండి రూపాయి ఇచ్చాను. పాత వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, సరిగ్గా తులం. వెడల్పు ముప్ఫై మిల్లీమీటర్ల పైన. పాశ్చాత్య మెజీషియన్లు ఎక్కువగా వాడే అమెరికన్ హాఫ్ డాలర్ 30.6 మిల్లీమీటర్లు, 11.34 గ్రాములు. రెండూ ఇంచుమించు ఒకే కొలత. ఆ వీడియోల్లో నేర్పే పట్లన్నీ అంత బిళ్ళకి తగ్గట్టు కుదిరినవి కాబట్టి, వెండి రూపాయి ఆయన చేతిలో ఎక్కడికక్కడ ఒదిగిపోయింది. చప్పుడు పోయింది, అంచు గరుకు వల్ల పట్టు కూడా బాగుంది. ఫలితం మాత్రం శూన్యం. పిల్లలు అంతకుముందెప్పుడూ చూడని బిళ్ళ కావడంతో దాని మీద నుంచి కన్ను తిప్పలేదు. "ఇదేం బిళ్ళ బాబాయ్, మాయబిళ్ళా?" అని ఒకడు అడిగాడట. వస్తువు మీదే అనుమానం వస్తే చేతి మీదికి రావడానికి ఎంతోసేపు పట్టదు. మళ్ళీ పది రూపాయలకే వచ్చేశాం.

మూడోది మాటలు. బిళ్ళ చేయి మారే క్షణంలో ఎదుటివాళ్ళని ఏదో ఒక ప్రశ్న అడిగితే వాళ్ళ చూపు మన మొహం మీదికి లేస్తుంది. పెద్దవాళ్ళ దగ్గర ఇది పారింది. పిల్లల దగ్గర పారలేదు. వాళ్ళు చేతిని చూస్తూనే జవాబు చెప్పారు.

పాచికతో పరీక్ష

ఇక్కడ ఆగాను. ఏది ఎంత పనిచేస్తోందో కొలిచే దారి లేకుండా మందులు మారుస్తున్నానని అర్థమైంది. అప్పుడు పెట్టుకున్న పరీక్ష ఇది. మాయం చేయడం లేదు, కథ లేదు. పాచిక వేస్తాం. బేసి పడితే బిళ్ళని నిజంగానే ఎడమచేతిలో పెట్టాలి, సరి పడితే నటించాలి. చూసేవాళ్ళు బిళ్ళ ఏ చేతిలో ఉందో చెప్పాలి. ఇరవై సార్లు. కళ్ళు మూసుకుని చెప్పినా పది వరకు సరిపోతాయి.

మా కింది వాటాలో ఉండే తొమ్మిదేళ్ళ అమ్మాయి 17 సార్లు సరిగ్గా చెప్పింది.

ఒక ఇంట్లో, ఒక సాయంత్రం చేసిన లెక్క ఇది. శాస్త్రీయమైన పరీక్ష అని నేను అనను. కానీ ఒక నిర్ణయానికి ఇది చాలు. పిడికిలి తెరవకముందే, మాయం అనే సంగతి రాకముందే, చేయి మారే ఆ అర సెకనులోనే గుట్టు కారిపోతోంది. కాబట్టి దాచిన తర్వాత ఎంత బాగా దాచారనేది ఇక ప్రశ్న కాదు. బస్సులో కడ్డీ పట్టుకుని చేసిన సాధనంతా మరో సమస్యకి మందు.

ఎలా తెలిసిందని ఆ అమ్మాయిని అడిగితే "ఏమో" అంది. గుచ్చి గుచ్చి అడిగితే కాసేపు ఆలోచించి, "అంకుల్ ఈ చెయ్యి ఉత్తినే మూశారు" అని ఎడమచేతిని చూపించింది.

నేను ఆ రోజు వరకు ఒక్కసారి కూడా ఎడమచేతిని చూడలేదు. బిళ్ళ ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి నా కన్ను దాని వెంటే పోయేది. ఈ విద్య తెలిసినవాడికి ఉండే గుడ్డితనం ఇది. అమ్మాయి మాట నిజమో కాదో తేల్చడానికి రావు గారి ఇరవై ట్రాన్స్‌ఫర్లనీ వీడియో తీసి, ఫోను తెర మీద కుడిచేయి ఉండే భాగానికి కాగితం ముక్క అంటించాం. అంటే దాచే చెయ్యి చూసేవాళ్ళకి అసలు కనబడదు. పుచ్చుకునే చెయ్యి మాత్రమే కనబడుతుంది. ఈసారి ఇంటర్ చదివే మరో కుర్రాణ్ణి కూచోబెట్టాం. 16 సార్లు సరిగ్గా చెప్పాడు.

రావు గారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మూడేళ్ళు కష్టపడి నేర్పిన చేతిని మొత్తం కప్పేసినా గుట్టు నిలవలేదు.

మనవాళ్ళు ఈ విద్యకి రెండు పేర్లు పెట్టారు. హస్తలాఘవంలో చెయ్యి ఉంది. కనికట్టులో కన్ను ఉంది. మేం అప్పటిదాకా మొదటి పేరునే సాధన చేశాం.

పుచ్చుకునే చెయ్యి

వీడియోని నెమ్మదిగా నడిపి, నిజంగా పెట్టినవీ నటించినవీ పక్కపక్కన చూశాం. నిజంగా పెట్టినప్పుడు బిళ్ళ అరచేతిని తాకాకే ఎడమ వేళ్ళు ముడుచుకోవడం మొదలవుతోంది. నటించినప్పుడు తాకకముందే మొదలవుతోంది. రాదని తెలిసిన చెయ్యి ఎదురుచూడదు. నిజంగా పెట్టినప్పుడు పిడికిలి వదులుగా ఉంది, నటించినప్పుడు కణుపులు తెల్లబడేంత బిగువుగా ఉంది. పది రూపాయల బిళ్ళని ఎవరూ అంత గట్టిగా పట్టుకోరు. ఇంకొకటి చూపు. మనం దేన్నయినా ఎక్కడైనా పెట్టేటప్పుడు చెయ్యికంటే ముందు కన్ను అక్కడికి చేరుతుంది. నటించేటప్పుడు ఆయన కన్ను, బిళ్ళ కుడి అరచేతిలో కుదురుకునేదాకా కుడిచేతి దగ్గరే ఉండిపోయి, తర్వాత ఎడమచేతికి వస్తోంది.

దీనికి సంబంధించి రెండు పరిశోధనలు నాకు బాగా ఉపయోగపడ్డాయి. 2011లో బ్రిటన్‌లో మెజీషియన్లతోనూ మామూలువాళ్ళతోనూ ఒక వస్తువుని పట్టుకున్నట్టు నటింపజేసి, వేళ్ళ కదలికల్ని కొలిచారు. అసలు వస్తువు పక్కనే కంటికి కనబడుతున్నప్పుడు మెజీషియన్లు నటించిన పట్టు నిజమైన పట్టుతో సమానంగా వచ్చింది. వస్తువుని ఊహించుకుని చెయ్యమంటే వాళ్ళకూ తేడా వచ్చింది. రెండోది 2023లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చేసింది. ఫ్రెంచ్ డ్రాప్ అనే, బిళ్ళను ఒక చేతి నుంచి ఇంకో చేతిలోకి తీసుకున్నట్టు నటించే పాత మెళకువని, తిండి ముక్కలతో మూడు జాతుల కోతుల ముందు చేసి చూపించారు. బొటనవేలిని వేళ్ళకి ఎదురుగా తేగలిగే రెండు జాతులూ చాలావరకు మోసపోయాయి. అలా తేలేని మార్మొసెట్‌లు దాదాపు మోసపోలేదు. అంటే చూసే ప్రాణి తన చేతితో మన చేతిని చదువుతుంది. తాను చేసే పనిలా కనబడితేనే నమ్ముతుంది.

మొదటి పరిశోధనని బట్టి సాధన మార్చాం. బల్ల మీద అలాంటిదే ఇంకో బిళ్ళ కంటికెదురుగా పెట్టుకోవాలి. రెండుసార్లు నిజంగా పెట్టాలి, మూడోసారి నటించాలి. నటించేటప్పుడు, ఇంతకుముందు పెట్టినదాన్నే మళ్ళీ పెడుతున్నాననే భావంతో చెయ్యాలి. దాచే చేతి గురించి ఆలోచించకూడదు. అది ఎలాగూ దాస్తుంది, మూడేళ్ళ అలవాటు. అద్దం తీసేయించాను. అద్దంలో మన కన్ను మన తప్పు మీదికే పోతుంది. చూపు ముందు వెళ్ళాల్సిన చోట అది పెద్ద ఆటంకం.

మూడు వారాలు గడిచాక కొత్తవాళ్ళతో మళ్ళీ పాచిక పరీక్ష పెట్టాం. 13 వచ్చింది. నేను సంతోషించాను. కానీ గుంటూరులో కొట్టు దగ్గర పిల్లలు ఇంకా పట్టేస్తూనే ఉన్నారు.

గల్లాపెట్టె పక్కన ఒక పూట

నా గదిలో పారేది ఆయన కొట్టులో ఎందుకు పారదు? వెలుగు తేడా, నిలబడే ఎత్తు తేడా అనుకుని, ఒక ఆదివారం పొద్దున్నే గుంటూరు వెళ్ళి బియ్యం బస్తాల పక్కన స్టూలు వేసుకుని కూచున్నాను. వెలుగు బాగానే ఉంది. ఎత్తులో కూడా ఇబ్బంది లేదు.

అప్పుడు ఒక పెద్దావిడ నూనె ప్యాకెట్టుకి వచ్చింది. రావు గారు కుడిచేత్తో ప్యాకెట్టు తుడుస్తూ, చిల్లర రెండు రూపాయలు ఎడమచేత్తో అందించి, "ఎడంచెయ్యి, ఏమనుకోకండి పిన్నిగారూ" అన్నారు. ఆవిడ "పర్లేదులే నాయనా" అని పుచ్చుకుని వెళ్ళింది. ఇద్దరూ ఆ మాట గమనించను కూడా లేదు. రోజూ అనే మాటే కదా.

పది నిమిషాల తర్వాత ఒక పిల్లాడు వచ్చాడు. ఆయన పది రూపాయల బిళ్ళ తీసి, ఎడమ పిడికిట్లో మూసి, ఆ ఎడమ పిడికిలిని పిల్లాడి మొహం ముందుకి చాపారు. ఏమనుకోవద్దని అనలేదు. వాడు వెంటనే కుడిచేతిని పట్టుకున్నాడు.

ఆ తర్వాత గంటన్నరసేపు నేను ఆయన చేతుల్నే చూశాను. గల్లాలో నుంచి చిల్లర ఏరేది ఎడమచెయ్యి. ఏరినవాటిని కుడి అరచేతిలోకి వేస్తారు, బొటనవేలితో ఒకసారి తోసి లెక్క చూసుకుంటారు, కుడిచేత్తో ఇస్తారు. ప్రతిసారీ అంతే. ఆయన చేతిలో డబ్బు ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే నడుస్తుంది. కొట్టుకి వచ్చే పిల్లలు పుట్టినప్పటినుంచీ చూస్తున్నది అదే. మేం నేర్చుకున్న ట్రాన్స్‌ఫర్ మాత్రం కుడి నుంచి ఎడమకి. కుడిచేతివాటం ఉన్న పాశ్చాత్యుడు తన నేర్పరి చెయ్యి దాచడానికి వాడుకుని, రెండో చెయ్యి చూపించడానికి వాడుకున్నాడు. వాళ్ళకి ఎడమచేతిలో నాణెం చూపిస్తే తప్పేమీ లేదు. మనకి ఎడమచేతిలో డబ్బు పట్టుకుని ఎదుటివాడికి చాపడమే ఒక వింత. వేళ్ళెంత సహజంగా ముడుచుకున్నా, ఆ పని మొత్తం అసహజం.

ఇరవై ఏళ్ళుగా నేను ఎంతమందికి కుడి నుంచి ఎడమకి నేర్పానో ఆ స్టూలు మీద కూచుని గుర్తు చేసుకున్నాను. ఎవరూ ఎందుకని అడగలేదు. నేనూ అడగలేదు.

చెయ్యి మార్చడం

చవితికి ఎనిమిది వారాలుంది. ఎడమచేత్తో దాచాలి, కుడిచేతిలో పెట్టినట్టు నటించాలి అన్నాను. రావు గారు ఒప్పుకోలేదు. ఎడమచేతికి క్లాసిక్ పామ్ నేర్పడానికి ఇంకో మూడేళ్ళు పట్టదా అన్నారు. ఆ మాట న్యాయమే. అందుకే క్లాసిక్ పామ్‌ని వదిలేశాం. మధ్యవేలు, ఉంగరపువేలు మడత దగ్గర బిళ్ళని ఊరికే ఆనించి ఉంచే ఫింగర్ పామ్ తీసుకున్నాం. చెయ్యి పక్కన వేలాడేటప్పుడు వేళ్ళు సహజంగానే ఆ మేరకు ముడుచుకుని ఉంటాయి. అరచెయ్యి చాపి చూపించలేమన్న లోపం దానికి ఉంది. కానీ ఎడమచెయ్యి చాపి చూపించాల్సిన అవసరం ఏముంది? ఉంగరం కుడిచేతికే ఉంది కాబట్టి ఆ టిక్కుమనే చప్పుడు కూడా దానంతటదే పోయింది.

బిళ్ళ ఎందుకు చేయి మారుతోందో చూసేవాళ్ళకి కారణం కావాలి. చేతిలోని వస్తువుని ఊరికే ఇంకో చేతిలోకి ఎవరూ మార్చరు, ఆ చేత్తో ఇంకేదో తీసుకోవాల్సి వస్తేనే మారుస్తారు. అందుకని స్టీలు గ్లాసు పెట్టాం. ఎడమ వేళ్ళతో బిళ్ళ చూపిస్తారు. గ్లాసు తీసుకోవాలి కాబట్టి బిళ్ళను కుడిచేతిలో వేసుకుంటారు, అంటే వేసుకున్నట్టు నటిస్తారు. ఎడమచేయి వెళ్ళి గ్లాసుని అంచు దగ్గర, వేళ్ళు లోపలికి ఉండేలా పట్టుకుంటుంది. కుడిచేతిలోని కనబడని బిళ్ళని గ్లాసు వైపు విసిరితే, ఎడమ వేళ్ళు అసలు బిళ్ళని వదులుతాయి. ఖంగుమంటుంది.

ఇందులో కొత్తదేమీ లేదు. ఖాళీ గాల్లోంచి నాణేలు పట్టి పాత్రలో వేసే అంశంతో పేరు తెచ్చుకున్న అమెరికన్ టి. నెల్సన్ డౌన్స్ (1867-1938) కాలానికే, పాత్ర పట్టుకున్న చేతిలోంచి నాణేలు జారవిడిచే పద్ధతి వాడుకలో ఉంది. నాకు నచ్చింది దాని చప్పుడు. మనవాళ్ళు కన్ను నమ్మకపోయినా స్టీలు గ్లాసులో బిళ్ళ పడ్డ చప్పుడుని నమ్ముతారు. పైగా ఎడమచేయి ఖాళీగా వేలాడకుండా ఒక పనిలో ఉంటుంది.

మొదట ఆయన హారతి పళ్ళెంలో బిళ్ళ పడేలా చేద్దామన్నారు. దక్షిణ వేసిన చప్పుడు అందరికీ తెలిసినదే కదా అని. వద్దన్నాను. పళ్ళేన్ని ఎడమచేత్తో పట్టుకోవాల్సి వస్తుంది. అప్పుడు మళ్ళీ అదే వింత, ఇంకా పెద్దది. పూజ సామాన్లు ముట్టుకోకుండా ఉండటమే మర్యాద కూడా.

సాధనకి వేరే వేళ పెట్టలేదు. రోజూ వందసార్లకు పైగా ఎడమ నుంచి కుడికి చిల్లర నిజంగానే వేస్తున్నారు. ప్రతిదాన్నీ గమనిస్తూ వెయ్యమన్నాను. ఎప్పుడు వేళ్ళు ముడుచుకుంటున్నాయి, బరువు తగిలి అరచెయ్యి ఎంత దిగుతోంది, కన్ను ఎప్పుడు చేరుతోంది. గిరాకీ లేని సమయంలో, తన సొంత బిళ్ళతో, రెండు నిజాలు ఒక నటన. కొనుగోలుదారు చిల్లరతో మాత్రం ఒక్కసారి కూడా నటించకూడదని మాట తీసుకున్నాను. సరదాకైనా సరే. కొట్టాయన చేతిలో ఉన్న డబ్బు మీద అనుమానం పుట్టించే హక్కు మన విద్యకి లేదు.

మొదటి వారం చేతులు గందరగోళపడ్డాయి. రెండో వారం ఒకరోజు ఫోన్ చేసి, "మాస్టారూ, ఇందాక నటించానో నిజంగా వేశానో నాకే ఒక్క క్షణం తెలియలేదు" అన్నారు. ఈ విద్యలో నేను ఎదురుచూసే మాట అదే.

ఫలితం, దాని మీద నా సందేహాలు

ఏడో వారంలో, ఆయన్ని అంతకుముందు ఎప్పుడూ చూడనివాళ్ళతో పాచిక పరీక్ష పెట్టాం. ఇరవైకి 11. గుడ్డిగా చెప్పినట్టే. కొట్టు దగ్గర పిల్లలు ఇప్పుడు కుడి పిడికిలిని పట్టుకుని లాగుతున్నారు.

చెయ్యి మార్చడం వల్లే ఇదంతా జరిగిందని నేను గట్టిగా చెప్పను. ఒకేసారి చాలా మారాయి. ఎడమచేయి కొత్తది కావడంతో ఆయన తొందరపడటం మానేశారు. చేయి మారడానికి గ్లాసు అనే కారణం దొరికింది. రోజూ వంద నిజమైన కదలికల మధ్య సాధన జరిగింది. వీటిలో దేనికెంత వాటా అని విడదీయాలంటే ఒక్కొక్కటే మార్చి చూడాల్సింది. చవితి గడువు వల్ల అన్నీ కలిపి వేశాం.

తర్వాత ఇద్దరు విద్యార్థుల మీద చెయ్యి మార్పు ఒక్కటే ప్రయత్నించాను. గ్లాసూ లేదు, కొత్త సాధనా లేదు. ఒకామె బడిలో పాఠాలు చెబుతారు. ఆమెకి స్పష్టంగా మేలైంది. ఇంకొకతను కంప్యూటర్ ఉద్యోగి, ఏది కొన్నా ఫోన్‌తోనే చెల్లిస్తాడు, చేతిలో చిల్లర ఆడి ఏళ్ళయింది. అతనికి ఏ తేడా రాలేదు. అతని చేతులకి నాణేన్ని అందించే అలవాటే లేదు కాబట్టి, ఏ వైపు చేసినా నేర్చుకున్న కదలికలాగే కనబడుతోంది. అతనికి ముందు నెల రోజులు నగదుతో కొనమని చెప్పాను.

ఇప్పుడు కొత్తవాళ్ళెవరైనా వస్తే మొదటి పాఠంలో బిళ్ళను దాచమని చెప్పను. బజారుకి పంపి ఏదో ఒకటి కొనుక్కురమ్మంటాను, చిల్లర ఎలా పుచ్చుకున్నారో చేసి చూపించమంటాను. ఏ చెయ్యి, ఎంత ముడుచుకుంది, జేబులోకి ఎలా వెళ్ళింది. ఆ కదలికే ట్రాన్స్‌ఫర్‌కి మూలం అవుతుంది. దాచే పట్టు ఏదన్నది దాని తర్వాత తేలుతుంది. రావు గారి విషయంలో ఇది తలకిందులుగా జరిగింది. పట్టు ముందు, పని తర్వాత. విద్యార్థి తన సమస్య ఫలానా అని చెబితే దాన్ని కప్పి చూడటం కూడా అలవాటు చేసుకున్నాను. తెర మీద కాగితం ముక్క పెట్టడానికి పైసా ఖర్చు కాదు. అది మొదటి వారంలోనే చేసి ఉంటే ఆ నెలన్నర మిగిలేది.

చవితి పందిట్లో పది నిమిషాల కార్యక్రమం బాగా సాగింది. నేను వెనక వరసలో నిలబడి పిల్లల తలల్ని చూశాను. బిళ్ళ చేయి మారినప్పుడు ముందు వరస తలలన్నీ ఆయన కుడిచేతి వెంట తిరిగాయి. గ్లాసు ఖంగుమన్నప్పుడు ఒక్కసారిగా ఎడమకి తిరిగాయి.

ఒక్క తల తిరగలేదు. ఆరేడేళ్ళ పిల్లాడు మొదటినుంచీ ఎడమచేతినే చూస్తూ, "గ్లాసు పట్టుకున్న చేతిలోనే ఉంది" అని పక్కవాడి చెవిలో చెప్పాడు. ప్రసాదం పంచేటప్పుడు వాడు ఎడమచెయ్యి చాపితే, వాళ్ళమ్మ చిన్నగా తట్టి కుడిచెయ్యి పట్టించింది. వాడిది ఎడమచేతివాటం. వాడు ఒక్కడే కాబట్టి దీని మీద ఏమీ తేల్చలేను. రావు గారు మాత్రం వాడు కొట్టుకి వచ్చినప్పుడల్లా రెండు వైపులా చేసి చూపిస్తూ, ఎప్పుడు పట్టుకుంటున్నాడో బాకీల పుస్తకం వెనక పేజీలో రాసి పెడుతున్నారు.